నమ్మకం, సైన్సు, వాతావరణం... మూడింటికీ పొత్తు కుదిరేనా?

మతానికీ సైన్సుకూ చుక్కెదురని మనలో చాలామంది అనుకుంటారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్నందుకు 1633లో గెలీలియోను రోములో విచారించి శిక్షించిన సంగతి బడిలో చదువుకున్నదే. ఆ విచారణలో తప్పు జరిగిందని పోప్ జాన్ పాల్ 2 బహిరంగంగా ఒప్పుకునేసరికి 1992 వచ్చింది. అంటే మూడున్నర శతాబ్దాలు పట్టింది.

అలాంటి క్యాథలిక్ శ్రీసభ 2015 జూన్ 18న భూమి వేడెక్కడంపై ఏకంగా 246 పేరాల లేఖను లోకం ముందు పెట్టింది. పేరు 'లౌదాతో సీ'. రాసింది పోప్ ఫ్రాన్సిస్. భూమి వేడెక్కుతున్న మాట నిజమేనని, ఇటీవలి దశాబ్దాల వేడిలో ఎక్కువ భాగం మనిషి చేతలవల్లనేనని, బొగ్గు, చమురు వాడకాన్ని ఆలస్యం లేకుండా తగ్గించుకుంటూ పోవాలని అందులో ఉంది. ఆ రోజు వాటికన్ వేదికపై కార్డినల్ పక్కన జర్మనీ వాతావరణ శాస్త్రవేత్త హాన్స్ యోకిమ్ షెల్న్‌హూబర్ కూర్చుని లెక్కలు వివరించారు. మతపెద్ద లేఖకు శాస్త్రవేత్త సాక్ష్యం చెప్పడం అరుదైన దృశ్యమే.

పదేళ్ళు గడిచాయి. పోప్ ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్ 21న కన్నుమూశారు. మే 8న ఎన్నికైన పోప్ లియో 14 అదే దారిలో నడుస్తానని సంకేతాలిచ్చారు. లేఖకు పదేళ్ళు నిండిన సందర్భంగా 2025 అక్టోబర్ 1న కాస్టెల్ గాండోల్ఫోలో జరిగిన సదస్సులో గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చిన మంచుగడ్డపై చెయ్యి ఉంచి ఆశీర్వదించారు. అది కరుగుతూనే ఉంది. చూసినవారిలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఎగతాళి చేశారు.

ఎక్కడో రోములో జరిగే ఈ ముచ్చట మనకెందుకు అనిపించొచ్చు. 2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. గంజాం, గజపతి జిల్లాల తెలుగువారు ఫైలిన్‌ను, తిత్లీని చూశారు. పావగడ తాలూకా రైతుల పొలాల్లో ఇప్పుడు వేరుశనగకు బదులు సోలార్ పలకలు ఉన్నాయి. తమిళనాడులో ఒక చర్చి ఆవరణే అణు విద్యుత్ వ్యతిరేక పోరాటానికి వేదికైంది. వాతావరణమూ, దాని పరిష్కారాలూ మన గడప దాకా వచ్చేశాయి. అందుకే నమ్మకం, సైన్సు, పరిష్కారం అన్న ఈ మూడింటికీ పొత్తు కుదురుతుందా, ఎక్కడ బెడిసికొడుతోంది అన్నది విచారించాల్సిన అవసరం ఉంది.

సికింద్రాబాద్ నుంచి వాటికన్ దాకా

ఈ కథలో మనకు దగ్గరి మనిషి ఒకరున్నారు. పేరు వీరభద్రన్ రామనాథన్. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లో ఫ్రిజ్‌లకు సంబంధించిన కంపెనీలో కుర్ర ఇంజనీరుగా చేరారు. ఫ్రిజ్‌లలో వాడే వాయువు ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం ఆయన పని. తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి అమెరికా వెళ్ళారు. 1975లో ఆయన వెలువరించిన పరిశోధన శాస్త్ర లోకాన్ని ఉలిక్కిపడేలా చేసింది. సికింద్రాబాద్‌లో తాను కారకుండా ఆపబోయిన క్లోరోఫ్లోరో కార్బన్ వాయువు ఒక్కో అణువు, సుమారు పదివేల బొగ్గుపులుసు వాయువు అణువులంత వేడిని పట్టి ఉంచుతుందని తేల్చారు.

ఆయన 2004లో వాటికన్ సైన్సు అకాడమీ సభ్యుడయ్యారు. ఈ అకాడమీలో చేరడానికి క్యాథలిక్ కానక్కర్లేదు, దేవుణ్ణి నమ్మాలన్న షరతూ లేదు. స్టీఫెన్ హాకింగ్ ఇందులో సభ్యుడిగా ఉండేవారు. మన సర్ సి.వి.రామన్, బెంగళూరుకు చెందిన సి.ఎన్.ఆర్.రావు కూడా సభ్యులు కావడం గమనార్హం. 1936లో పోప్ పయస్ 11 దీన్ని ఇప్పటి రూపంలో పునరుద్ధరించారు.

2014లో అకాడమీ సదస్సు సందర్భంగా పోప్ ఫ్రాన్సిస్‌కు రెండే రెండు మాటల్లో విషయం చెప్పే అవకాశం రామనాథన్‌కు దొరికింది. అదీ కార్లు నిలిపే చోట. కాలుష్యంలో ఎక్కువ భాగం లోకంలోని ధనికులైన వందకోట్ల మంది వల్ల, దాని దెబ్బ ఎక్కువగా తగిలేది పేదలైన మూడు వందల కోట్ల మందికి అన్నది ఆయన చెప్పిన సారాంశం. మరుసటి ఏడాది వచ్చిన లేఖ మొత్తం ఈ వాక్యం చుట్టూనే తిరుగుతుంది. అంకెలు సైన్సువి. 'ఇది న్యాయమా?' అన్న ప్రశ్న మాత్రం నమ్మకం వేసింది. పొత్తు అనేది ఉంటే అది ఇలాగే ఉంటుంది.

పగ మాత్రమే కాదు, పొత్తూ పాతదే

గెలీలియో ఒక్కడి కథతో మొత్తం చరిత్రను తూచలేం. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ మఠవాసి. విశ్వం ఒక చిన్న బిందువు నుంచి విస్తరించిందని మొదట ప్రతిపాదించినవారిలో ఒకరైన జార్జ్ లెమేట్ర్ క్యాథలిక్ గురువు. ఆయనే తర్వాత 1960 నుంచి 1966 దాకా వాటికన్ అకాడమీకి అధ్యక్షుడు.

మన తీరంలోనూ ఉదాహరణలున్నాయి. 1689లో పుదుచ్చేరిలో తోకచుక్కను చూస్తున్న జెస్యూట్ ఫాదర్ జాన్ రిషో, ఆల్ఫా సెంటారీ ఒకటి కాదు, రెండు నక్షత్రాలని కనిపెట్టారు. 1867లో కోల్‌కతా సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఉన్న బెల్జియం ఫాదర్ లాఫాంట్, గాలి పీడనం కొలిచే పరికరంలో పాదరసం పడిపోవడం చూసి తుఫాను వస్తోందని ముందే హెచ్చరించారు. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో సైన్సు పరిశోధనా సంస్థ పెట్టినప్పుడు అండగా నిలిచిందీ ఆయనే. సి.వి.రామన్‌కు నోబెల్ తెచ్చిన పని జరిగింది ఆ సంస్థలోనే.

కాబట్టి 'మతం కావాలా, సైన్సు కావాలా' అన్న ప్రశ్న వాతావరణం విషయంలో అంతగా నిలబడదు. వాతావరణంలో బొగ్గుపులుసు వాయువు పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్ళకు 280 ఉండేది. 2024 నాటికి 420 దాటింది. కొలతలు మొదలయ్యాక అత్యంత వేడి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఈ అంకెలతో వాటికన్‌కు పేచీ లేదు. పేచీ వేరేచోట ఉంది.

సొంత ఇంట్లోనే వాదం

మొదటి పేచీ శ్రీసభ లోపలే. ఆస్ట్రేలియాకు చెందిన కార్డినల్ జార్జ్ పెల్, వాటికన్ ఆర్థిక వ్యవహారాల అధిపతిగా ఉంటూనే, 2015లో ఆ లేఖను విమర్శించారు. సైన్సు విషయాల్లో తీర్పు చెప్పమని ప్రభువు శ్రీసభకు అప్పగించలేదన్నది ఆయన వాదం. ఆయన 2023లో మరణించారు. ఆయన మాటను కొట్టిపారెయ్యనక్కర్లేదు. గెలీలియో విషయంలో జరిగిన పొరపాటు సరిగ్గా అదే. తమది కాని రంగంలో తీర్పు చెప్పబోయారు.

అయితే ఫ్రాన్సిస్ లేఖ ఆ గీత గీసుకునే రాసినట్టు కనిపిస్తుంది. సైన్సు ప్రశ్నలను తేల్చడం, రాజకీయ నాయకుల స్థానంలో కూర్చోవడం శ్రీసభ పని కాదని, నిజాయితీతో కూడిన చర్చను ప్రోత్సహించడమే తమ ఉద్దేశమని 188వ పేరా చెబుతోంది. శాస్త్రవేత్తలు తేల్చినదాన్ని ఆధారంగా తీసుకోవడం వేరు, తామే తేల్చడం వేరు.

కానీ గుడిలో చెప్పినంత మాత్రాన భక్తులు నమ్మేస్తారా? అమెరికాలో 2015లో ప్యూ సంస్థ జరిపిన సర్వేలో, వేడెక్కడానికి మనిషే కారణమని డెమోక్రటిక్ పార్టీ వైపున్న క్యాథలిక్కుల్లో 62 శాతం మంది చెబితే, రిపబ్లికన్ పార్టీ వైపున్న క్యాథలిక్కుల్లో 24 శాతం మందే ఆ మాటన్నారు. ఒకే పూజ, ఒకే పోప్, ఒకే లేఖ. అభిప్రాయం మాత్రం పార్టీ జెండాను బట్టి ఉంది. దీన్నిబట్టి తెలిసేదేమంటే, ఇక్కడ సైన్సుకు అడ్డుపడుతున్నది నమ్మకం కన్నా రాజకీయం. 2023 అక్టోబర్ 4న విడుదల చేసిన రెండో లేఖ 'లౌదాతే దేవుం'లో ఫ్రాన్సిస్ ఈ బాధను దాచుకోలేదు. వాతావరణ మార్పును తేలిగ్గా తీసిపారేసే అభిప్రాయాలు శ్రీసభ లోపల కూడా వినాల్సి వస్తోందని రాశారు.

పరిష్కారాల దగ్గరే అసలు ముడి

జబ్బు ఏమిటన్న దగ్గర సైన్సు, నమ్మకం కలిశాయి. మందు దగ్గరికి వచ్చేసరికి దారులు చీలుతున్నాయి. మూడు విషయాల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిది జనాభా. మనుషులు తగ్గితే పొగ తగ్గుతుంది కదా అన్నది చాలామంది వాదన. కృత్రిమ గర్భనిరోధాన్ని శ్రీసభ లిఖితపూర్వకంగా వ్యతిరేకిస్తోంది. వాతావరణం గురించి ఇంత మాట్లాడే శ్రీసభ ఈ ఒక్క విషయంలో కళ్ళు మూసుకుంటోందన్నది విమర్శకుల మాట. కొందరి మితిమీరిన వాడకాన్ని వదిలేసి జనాభాను నిందించడం సమస్యను తప్పించుకోవడమేనన్నది లేఖ జవాబు.

ఎవరిది సబబు? అంకెలు చూస్తే రెండు వైపులా కొంత ఉంది. కుటుంబ నియంత్రణ తల్లుల ఆరోగ్యానికి, ఆడపిల్లల చదువుకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. కానీ దేశంలో తలసరి బొగ్గుపులుసు వాయువు ఏడాదికి సుమారు రెండు టన్నులు. అమెరికాలో అది పద్నాలుగు టన్నుల ప్రాంతం. అంటే మన ఊళ్ళో ఏడుగురు కలిసి చేసేది అక్కడ ఒక్కరు చేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది, తమిళనాడు, ఒడిశా, తెలంగాణల్లో 1.8 మంది పిల్లలు. జనాభా స్థిరంగా ఉండటానికి కావలసిన 2.1 కంటే ఇది తక్కువే. మన ప్రాంతాలవరకు చూస్తే ఈ వాదం ఇప్పటికే పాతబడింది. పోప్ చెప్పారనీ కాదు, వద్దన్నారనీ కాదు. ఆడవాళ్ళు చదువుకుని తామే నిర్ణయించుకున్నారు.

రెండోది కార్బన్ బేరం. ఒకచోట పొగ వదిలి, ఇంకోచోట చెట్లు నాటినట్టు కాగితం కొనుక్కోవడం. దీనివల్ల కొత్త రకం సట్టా పుడుతుందే తప్ప పొగ తగ్గదన్నది ఫ్రాన్సిస్ హెచ్చరిక. చాలామంది ఆర్థికవేత్తలు ఈ మాటను ఒప్పుకోలేదు. పొగకు ధర కట్టడమే చవకైన మందు అంటారు వాళ్ళు. విచిత్రమేమిటంటే ఈ బేరంలో వాటికనే ఒకసారి దెబ్బ తింది. 2007లో ఒక సంస్థ హంగరీలో అడవి పెంచి వాటికన్ పొగ మొత్తాన్ని సరితూగిస్తామంటే సరేనంది. 2010 నాటికి అక్కడ చెట్లు నాటనే లేదని పత్రికల్లో వచ్చింది. సిద్ధాంతం మంచిదే అయినా తూకం వేసేవాడు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మూడోది యంత్రాల మీద భరోసా. గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును పీల్చి భూమిలో దాచే యంత్రాలు వస్తాయి కాబట్టి ఇప్పుడే కంగారు అక్కర్లేదన్న ధోరణిని రెండో లేఖ గట్టిగా ఖండించింది. గోడ బీటలు వారుతుంటే పైన కాగితం అంటించినట్టు ఉంటుందన్నది దాని భావం. శాస్త్రవేత్తలు మాత్రం ఆ యంత్రాలు కూడా కొంతమేర అవసరమే అంటున్నారు. సిమెంటు, ఉక్కు వంటి చోట్ల పొగను పూర్తిగా ఆపడం కష్టం. ఇక్కడ లేఖ స్వరం కాస్త ఎక్కువైందన్న అభిప్రాయం ఉంది. అయినా యంత్రం పేరు చెప్పి వాయిదా వెయ్యొద్దన్న మాటలో తప్పు పట్టడానికి లేదు.

ఇడిందకరై వేసిన ప్రశ్న

ఈ వాదాలన్నీ కాగితం మీద. నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే తమిళనాడు తిరునెల్వేలి జిల్లా ఇడిందకరైకి వెళ్ళాలి. పక్కనే కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం. 1988లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన ప్రాజెక్టు. 2011 మార్చిలో జపాన్ ఫుకుషిమా ప్రమాదం జరిగాక, మత్స్యకారుల్లో భయం పెరిగింది. ఊరి క్యాథలిక్ మత్స్యకారులు లూర్దు మాత చర్చి ఆవరణలో పందిరి వేసి నెలల తరబడి దీక్షలు చేశారు.

మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం 2011 నవంబర్‌లో వచ్చి చూసి కేంద్రం సురక్షితమని ప్రకటించారు. 2012 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ ఆందోళన వెనుక విదేశీ నిధుల సంస్థలున్నాయని అన్నారు. వేలాది మందిపై రాజద్రోహం కేసులు పడ్డాయి. 2013 మే 6న సుప్రీంకోర్టు పదిహేను షరతులతో కేంద్రానికి పచ్చజెండా ఊపింది. మొదటి యూనిట్ 2014 చివరిలో, రెండోది 2017లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఒక్కొక్కటి వెయ్యి మెగావాట్లు.

వాతావరణం కోణంలో చూస్తే అణు విద్యుత్‌కు గట్టి మార్కులే పడతాయి. ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం 2014 లెక్క ప్రకారం, నిర్మాణం నుంచి మూసివేత దాకా కలిపి చూస్తే, యూనిట్ కరెంటుకు బొగ్గు 820 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వదిలితే, అణుశక్తి వదిలేది 12 గ్రాములే. అంటే చర్చి ఆవరణలో కూర్చున్నవారు వాతావరణానికి అడ్డుపడ్డట్టేనా? అంత తేలిగ్గా చెప్పలేం. వాళ్ళడిగింది గ్రాముల లెక్క కాదు. ప్రమాదం జరిగితే ఎటు పరుగెత్తాలి, వేడినీళ్ళు కడలిలో కలిస్తే చేప ఉంటుందా, మా ఊరిని ఎందుకు ఎంచుకున్నారు, మమ్మల్ని ఎవరడిగారు అన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్నలు సైన్సుకు విరుద్ధం కావు. వాటికి సమాధానం చెప్పకుండా 'మీకు తెలియదు' అనడమే సైన్సుకు విరుద్ధం.

ఇక్కడ శ్రీసభకు కూడా ఒకే గొంతు లేదు. వాటికన్ 1957లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఏర్పడ్డప్పుడే వ్యవస్థాపక సభ్యురాలు. జపాన్ బిషప్పులు 2011 నవంబర్‌లో అణు కేంద్రాలను వెంటనే మూసెయ్యాలని కోరారు. ఒకే నమ్మకం, రెండు దారులు. కాబట్టి అణుశక్తికి క్యాథలిక్ నమ్మకం అనుకూలమా, వ్యతిరేకమా అని అడిగితే సూటి జవాబు దొరకదు. మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతోంది. ఆ చర్చ గంజాం తెలుగువారికి కూడా దూరం కాదు. రేపు అక్కడ ఇవే ప్రశ్నలు రాకుండా ఉండవు.

పావగడ లెక్క

అణుశక్తి వద్దంటే సోలార్ ఉందిగా అంటారు. సోలార్ విషయంలో సైన్సుకూ నమ్మకానికీ గొడవ లేదు. 2008లోనే పోప్ బెనెడిక్ట్ 16 హయాంలో వాటికన్ సభామందిరం కప్పుపై 2,400 దాకా సోలార్ పలకలు అమర్చారు. కానీ ఈ పరిష్కారం కూడా ఎవరో ఒకరి పొలంలో దిగాల్సిందే.

మూడు వైపులా ఆంధ్ర ఉన్న పావగడ తాలూకాలో, తిరుమణి చుట్టుపక్కల ఊళ్ళలో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. 2018లో మొదలై 2019 చివరికి పూర్తి సామర్థ్యానికి చేరింది. ఇక్కడ ప్రభుత్వం భూమి గుంజుకోలేదు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరనే ఉంటుంది. కరువుతో అల్లాడిన తాలూకాలో వాన పడినా పడకపోయినా డబ్బు రావడం చిన్న సంగతి కాదు. పదెకరాల రైతుకు ఏడాదికి రెండు లక్షల పైచిలుకు.

మరి భూమి లేని కూలీ సంగతి? ఆ పదెకరాల్లో విత్తనం వేసినవాళ్ళు, కలుపు తీసినవాళ్ళు, కాయ కోసినవాళ్ళు, ఆ బీడుల్లో గొర్రెలు మేపుకున్నవాళ్ళు కౌలు కాగితంలో ఎక్కడా లేరు. పలకలు తుడవడానికి, కాపలా కాయడానికి కావలసిన మనుషులు సేద్యానికి కావలసినంత మంది ఉండరు. గ్రాముల లెక్కలో ఈ సోలార్ పార్కు నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. రామనాథన్ పోప్‌తో చెప్పిన రెండు మాటల లెక్కలో మాత్రం మార్కులు తగ్గుతాయి.

ఈ పాయింటు దగ్గరే నమ్మకం సైన్సుకు పనికొస్తుంది. ఎన్ని మెగావాట్లు అన్నది ఇంజనీరు చెబుతాడు. ఆ మెగావాట్ల కింద ఎవరి పని పోయింది అన్నది అడిగే అలవాటు మనస్సాక్షికి ఉండాలి. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు, అందులోనూ భూమి లేనివారు ఎక్కువ అన్న సంగతి విదితమే. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు అని అందరూ సంతోషించారు. ఆ సంతోషానికి అర్థం ఉండాలంటే కౌలు కాగితంలో లేనివాళ్ళ ప్రశ్న కూడా పీఠం దాకా వెళ్ళాలి.

దీనికో దారి వాటికనే వెతుకుతోంది. రోము బయట సాంటా మరియా ది గలేరియాలో వాటికన్ రేడియోకు చెందిన 430 హెక్టార్ల స్థలం ఉంది. అక్కడ పైన సోలార్ పలకలు, కింద పంట ఉండేలా ప్లాంటు కట్టాలని 2024 జూన్‌లో ఫ్రాన్సిస్ ఆదేశించారు. 2025 జులైలో ఇటలీతో ఒప్పందం కుదిరింది. కరెంటు, సేద్యం రెండూ ఒకేచోట సాగుతాయన్నది ఆలోచన. ఎత్తు పెంచితే, పలకల మధ్య ఎడం పెంచితే ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే చర్చ కావాలి.

తుఫాను నేర్పిన పాఠం

పొత్తు కుదిరిన చోటు ఏదైనా ఉందా అంటే, ఉంది. అది ఒడిశా తీరం. 1999 అక్టోబర్ పెను తుఫానులో పదివేల మంది దాకా చనిపోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఉపగ్రహం మారింది, లెక్కగట్టే కంప్యూటర్ మారింది. వాటితోపాటు మారింది ఇంకొకటుంది. హెచ్చరికను నమ్మి ఇల్లు వదిలి కదలడం జనం నేర్చుకున్నారు.

కదలమని కలెక్టరు మైకులో చెబితే కొందరు వింటారు. రోజూ కనబడే పూజారి, మౌల్వీ, ఫాదరు, బడి మాస్టారు చెబితే ఇంకొందరు వింటారు. 1867లో ఫాదర్ లాఫాంట్ చేసిందీ ఇదే. పాదరసం సైన్సుది, జనం ఆ మాట విన్నది మనిషి మీద నమ్మకంతో. అయితే మాట వినే నమ్మకం ఒక్కటే సరిపోదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి జనం చనిపోయారు. తీరానికి చేరినంత బాగా సమాచారం కొండ ఊళ్ళకు చేరడం లేదు. ఇది ఇంకా మిగిలే ఉన్న పని.

ఇక ముందు పరీక్ష

2025 జులైలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా బిషప్పుల సమాఖ్యలు కలిసి వాతావరణ న్యాయం కోసం ఒక ప్రకటన చేశాయి. ధనిక దేశాలు తమ బాకీ తీర్చాలని కోరాయి. అదే ఏడాది జనవరిలో అమెరికా పారిస్ ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్టు ఉత్తర్వు ఇచ్చింది. అంటే బాకీ తీర్చాల్సినవారే బల్ల దగ్గరి నుంచి లేచిపోతున్నారు. ఇలాంటప్పుడు ప్రకటనలు ఎన్ని చేసినా పలుకుబడి చేతల నుంచే రావాలి.

కాబట్టి శ్రీసభకు పరీక్ష రోములో లేదు, మన ఊళ్ళలో ఉంది. బళ్ళారి నుంచి బరంపురం దాకా క్యాథలిక్ మేత్రాసనాల కింద బడులు, ఆస్పత్రులు, హాస్టళ్ళు, ఖాళీ స్థలాలు ఉన్నాయి. కప్పుల మీద పలకలు పెడితే ఎవరి పొలమూ పోదు. వాననీటి గుంత తవ్వితే ఎవరి పనీ పోదు. యానాంలో జనం 'తెల్లోళ్ళ గుడి' అని పిలుచుకునే సెయింట్ ఆన్స్ చర్చిని 1846లో కట్టారు. ఇలాంటి పాత కట్టడాలు వరద నీటికి, ఉప్పు గాలికి ఇంకెంత కాలం నిలుస్తాయో తెలుసుకోవాలంటే ఇంజనీరును పిలవాల్సిందే. నిలబెట్టాలన్న పట్టుదలకు మాత్రం నమ్మకం కావాలి.

సైన్సు వైపూ ఒక పరీక్ష ఉంది. నిపుణులు 'మీకేం తెలుసు' అన్న స్వరం మానుకోవాలి. ప్రాజెక్టు నివేదిక తమిళంలో, కన్నడంలో, ఒడియాలో, తెలుగులో ఊరి జనానికి చదివి వినిపించాలి. సరిహద్దు ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. కార్యాలయం భాష ఒకటి, ఇంటి భాష ఒకటి అయినచోట సగం భయం అర్థం కాకపోవడం వల్లనే పుడుతుంది.

మూడింటికీ పొత్తు కుదిరేనా అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా తేలిన జవాబు ఇది. భూమి వేడెక్కుతోందా, ఎందుకు వేడెక్కుతోంది, ఏ మందు ఎంత పనిచేస్తుంది అన్నవి సైన్సు తేల్చాలి, నమ్మకం తలదూర్చకూడదు. ఆ మందు ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అని నమ్మకం అడగాలి, సైన్సు విసుక్కోకూడదు. ఎవరి గీత దగ్గర వారు నిలబడితే పొత్తు కుదురుతుంది. గీత దాటిన ప్రతిసారీ దెబ్బతిన్నది గెలీలియో లాంటివాళ్ళో, ఇడిందకరై లాంటి ఊళ్ళో. ఈ రెండో జాబితాలోకి ఇంకో ఊరు చేరకుండా చూసుకోవడం అన్ని మతాలవారి పని, ఏ మతమూ లేనివారి పని కూడా.